రెండేళ్ల కాలేజీ నుంచి బర్కిలీ దాకా: దారి చూపేవారి కోసం

నవంబరు మూడో వారం వచ్చేసరికి మా ఇంట్లో ఫోను మోగడం ఎక్కువవుతుంది. “అక్కా, మావాడు కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి దరఖాస్తు పెడుతున్నాడు. వ్యాసాలు ఒకసారి చూస్తారా?” అని ఫ్రీమాంట్ నుంచో శాన్ రమోన్ నుంచో ఎవరో ఒక తల్లి అడుగుతుంది. యూసీ అంటే బర్కిలీ, లాస్ ఏంజెలిస్ వంటి క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ చదివి అక్కడ మూడో ఏట చేరడాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. వ్యాసాల సంగతి తర్వాత, ముందు వాడు చదివిన కోర్సుల జాబితా పంపమంటాను. చాలాసార్లు విషయం అక్కడే తేలిపోతుంది. కంప్యూటర్ సైన్స్ కావాలనుకుంటున్న కుర్రవాడు లీనియర్ ఆల్జీబ్రా జోలికే వెళ్లి ఉండడు. లేదా మూడు భాగాల ఫిజిక్స్‌లో ఒకటే పూర్తయి ఉంటుంది. మిగిలిన రెండూ ఒకదాని తర్వాత ఒకటి చదవాల్సినవి, చేతిలో ఉన్నది జనవరిలో మొదలయ్యే ఒక్క స్ప్రింగ్ సెమిస్టరు. ఆ లోటును పూడ్చగల వ్యాసం ఇంతవరకు ఎవరూ రాయలేదు.

అందుకే ఈ మార్గదర్శిని నవంబరు నుంచి కాక, అంతకు ఏడాదిన్నర ముందు నుంచి మొదలుపెడుతున్నాను. చదివే పిల్లలకన్నా వారి పక్కన కూర్చుని సాయపడే తల్లిదండ్రులు, అన్నలు, అక్కలు, మేనమామలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఉదాహరణ కాలిఫోర్నియాది. అక్కడ 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి, వాటి నుంచి యూసీ తొమ్మిది క్యాంపస్‌లకు వెళ్లే దారి 1960 నాటి మాస్టర్ ప్లాన్ నుంచీ ఉన్నదే. టెక్సాస్, వర్జీనియాలలో ఒప్పందాలు వేరు, గడువులు వేరు. పని చేసే పద్ధతి మాత్రం ఇదే.

మన దగ్గర డిప్లొమా చదివినవారు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏట చేరతారు. ఒక పరీక్ష, ఒక ర్యాంకు, ఒక కౌన్సెలింగ్. ఇక్కడి ట్రాన్స్‌ఫర్‌ను కూడా అలాగే ఊహించుకునే తల్లిదండ్రులు చివరి నెలలో కష్టపడితే చాలనుకుంటారు. ఇక్కడ ప్రవేశ పరీక్ష లేదు. యూసీ శాట్ స్కోరు చూడదు, ట్రాన్స్‌ఫర్ విద్యార్థి హైస్కూలు మార్కులను లెక్కలోకి తీసుకోదు. కాలేజీలో ఏయే కోర్సులు, ఏ వరుసలో, ఎలాంటి గ్రేడుతో చదివారన్నదే ర్యాంకు లాంటిది.

కమ్యూనిటీ కాలేజీ పేరు చెప్పడానికి సంకోచించే కుటుంబాలకు రెండు అంకెలు. ఇటీవలి సంవత్సరాల్లో యూసీఎల్‌ఏ (యూసీ లాస్ ఏంజెలిస్ క్యాంపస్) మొదటి ఏటి దరఖాస్తుల్లో నూటికి పదికి లోపే ఆమోదం పొందుతున్నాయి. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుల్లో సుమారు నాలుగో వంతుకు సీటు దొరుకుతోంది. ఇక ఖర్చు చూస్తే, రాష్ట్ర నివాసులకు కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కు (కోర్సు బరువును కొలిచే లెక్క) 46 డాలర్లు, అంటే 60 యూనిట్లకు 2,760 డాలర్లు. చివరకు చేతికొచ్చే పట్టా మీద బర్కిలీ పేరే ఉంటుంది. అయినా పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే “లోకల్ కాలేజీలో” అని మాట మార్చేవారిని చూస్తూనే ఉన్నాను.

మొదటి అడుగు: గమ్యం నుంచి వెనక్కి రావడం

“ముందు చేరనీ, ఏ మేజర్ (ప్రధాన విషయం) అన్నది తర్వాత చూద్దాం” అన్న మాట నాలుగేళ్ల కాలేజీలో చెల్లుతుంది. ఇక్కడ రెండేళ్లే, అందులోనూ దరఖాస్తు నాటికి సగానికి పైగా గడిచిపోతాయి. కాబట్టి మొదటి సెమిస్టరు నమోదుకు ముందే ఒక మేజర్, దానికి దగ్గరగా ఉండే మరొక మేజర్, నాలుగైదు క్యాంపస్‌లు రాసుకోమనండి. అది తుది నిర్ణయం కానక్కర్లేదు. కంప్యూటర్ సైన్స్ అనుకున్నవారు తర్వాత డేటా సైన్స్‌కో గణితానికో మారితే కోర్సులు చాలావరకు కలిసివస్తాయి. బయాలజీ నుంచి ఇంజినీరింగ్‌కు మారితే మాత్రం దాదాపు ఏడాది వెనక్కి పోతారు.

క్యాంపస్‌లు ఎంచుకునేటప్పుడు అన్నీ బర్కిలీ, లాస్ ఏంజెలిస్‌లే కాకుండా చూడండి. ఒకే విశ్వవిద్యాలయంలోనూ మేజర్‌ను బట్టి పోటీ ఎంతో మారిపోతుంది. యూసీ తన వెబ్‌సైటులో మేజర్ వారీగా ట్రాన్స్‌ఫర్ ఆమోదాల శాతం, ఎంపికైనవారి జీపీఏ (4కు లెక్కగట్టే గ్రేడ్ల సగటు) పరిధి ప్రచురిస్తుంది. పిల్లలతో కలిసి ఆ పట్టిక ముందు అరగంట కూర్చోండి.

రెండో అడుగు: అసిస్ట్ చదవడం

అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటు ఉంది. ఎడమవైపు గమ్యస్థానమైన విశ్వవిద్యాలయం అడిగే కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు కనిపిస్తాయి. ఏ కాలేజీ నుంచి ఏ క్యాంపస్‌లో ఏ మేజర్‌కు అన్నది ఎంచుకుంటే ఒక ఒప్పంద పత్రం వస్తుంది. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క కాగితమే చదవగల ఓపిక ఉంటే ఇదే చదవండి.

అనుకున్న నాలుగైదు క్యాంపస్‌ల పత్రాలూ తీసి ఒక పెద్ద కాగితం మీద గడులు గీయండి. నిలువు వరుసల్లో క్యాంపస్‌లు, అడ్డంగా కోర్సులు. అన్ని గడుల్లోనూ గుర్తు పడిన కోర్సులు ముందు చదవాలి. ఒకే క్యాంపస్ అడిగేవి చివరకు. రెండు విషయాలు జాగ్రత్తగా చూడండి. కొన్ని కోర్సుల ఎదురుగా ‘సమానమైన కోర్సు లేదు’ అని ఉంటుంది. అప్పుడు దాన్ని పక్క ఊరి కాలేజీలో తీసుకోవచ్చేమో వెతకాలి. మరికొన్ని చోట్ల రెండు కోర్సులు కలిపితేనే అక్కడి ఒకదానికి సమానం. ఒకటి చదివి వదిలేస్తే ఫలితం సున్నా.

పక్క కాలేజీ అన్నాను గనక ఒక హెచ్చరిక. డీ ఆంజా, ఫుట్‌హిల్ కమ్యూనిటీ కాలేజీలు క్వార్టర్ పద్ధతిలో, అంటే చదువు ఏడాదిని మూడు విడతలు చేసి నడుస్తాయి. ఓలోనీ, మిషన్ కాలేజీలవి సెమిస్టర్లు. సెమిస్టరులో రెండు భాగాలుగా చెప్పే పాఠాన్ని క్వార్టర్‌లో మూడు భాగాలుగా చెబుతారు. ఒక భాగం ఇక్కడ, ఒక భాగం అక్కడ చదివితే మధ్యలో కొన్ని అధ్యాయాలు రెండుచోట్లా జారిపోతాయి, ఒప్పందమూ చెల్లకపోవచ్చు. ఫిజిక్స్, కాలిక్యులస్ వంటి వరుస కోర్సులను మొదలుపెట్టిన చోటే ముగించాలి. యూనిట్ల లెక్క కూడా వేరు: మూడు క్వార్టర్ యూనిట్లు రెండు సెమిస్టర్ యూనిట్లతో సమానం.

మూడో అడుగు: కనీస అర్హత, సాధారణ విద్య

యూసీకి మూడో ఏట చేరడానికి 60 సెమిస్టర్ యూనిట్లు లేదా 90 క్వార్టర్ యూనిట్లు ఉండాలి. అందులో ఏడు కోర్సులు తప్పనిసరి: ఇంగ్లిష్ రచనలో రెండు, గణితం ఒకటి, మిగిలిన నాలుగు కళలు, సామాజిక శాస్త్రాలు, విజ్ఞాన శాస్త్రాలలో కనీసం రెండు విభాగాల నుంచి. ప్రతిదానిలో సీ లేదా అంతకన్నా మంచి గ్రేడు రావాలి. కనీస జీపీఏ రాష్ట్ర నివాసులకు 2.4, ఇతరులకు 2.8. ఇది గేటు దాటడానికి మాత్రమే. పోటీ ఉన్న మేజర్‌లో 2.8తో దరఖాస్తు పెట్టడం రైలు వెళ్లాక ప్లాట్‌ఫాం టికెట్ కొనడమే.

వీటికి తోడు క్యాల్‌గెట్సీ అనే సాధారణ విద్య (ఏ మేజర్‌వారైనా చదవాల్సిన కోర్సుల) పట్టిక ఉంది. 2025 ఫాల్ (వేసవి తర్వాత మొదలయ్యే సెమిస్టరు) నుంచి పాత ఐగెట్సీ స్థానంలో వచ్చింది. 11 కోర్సులు, 34 యూనిట్లు. పూర్తి చేస్తే విశ్వవిద్యాలయంలో కింది స్థాయి సాధారణ విద్య కోర్సులు మళ్లీ చదవనక్కర్లేదు. చరిత్ర, అర్థశాస్త్రం, సాహిత్యం వైపు వెళ్లేవారికి ఇది చక్కగా సరిపోతుంది. ఇంజినీరింగ్ వైపు వెళ్లేవారు మాత్రం దీన్ని పూర్తిచేయాలన్న పట్టుదలతో మేజర్ కోర్సులు వెనక్కి నెట్టకూడదు. మేజర్‌కు కావలసిన గణితం, ఫిజిక్స్, ప్రోగ్రామింగే ముందు. సాధారణ విద్యలో మిగిలినవి చేరాక చదువుకోవచ్చు.

రెండేళ్ల డిగ్రీ తప్పనిసరా అని అందరూ అడుగుతారు. యూసీకి అక్కర్లేదు. క్యాల్ స్టేట్ (కాలిఫోర్నియాలోని మరో ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థ) క్యాంపస్‌లకు మాత్రం 2010 నాటి చట్టంతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ బాగా పనికొస్తుంది.

నాలుగో అడుగు: గణితం గొలుసు

సైన్స్, ఇంజినీరింగ్, అర్థశాస్త్రం, వ్యాపార నిర్వహణ ఏదైనా సరే, కాలపట్టికను నిర్ణయించేది గణితమే. కాలిక్యులస్ ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు. కాలిక్యులస్‌లో ఒకటి ముగియనిదే రెండోదానిలో కూర్చోనివ్వరు. కాలిక్యులస్ ఒకటి లేనిదే ఇంజినీరింగ్ ఫిజిక్స్ మొదలు కాదు.

మొదటి ఫాల్‌లోనే కాలిక్యులస్ ఒకటి మొదలుపెట్టినవారికి ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. ప్రీకాలిక్యులస్‌తో మొదలైతే లెక్క ఇలా నడుస్తుంది: ఫాల్‌లో ప్రీకాలిక్యులస్, స్ప్రింగ్‌లో కాలిక్యులస్ ఒకటి, వేసవిలో రెండు, రెండో ఫాల్‌లో మూడు, చివరి స్ప్రింగ్‌లో మిగిలిన రెండూ కలిపి. వేసవిలో ఆరేడు వారాల్లో కాలిక్యులస్ రెండు చదవడం అంటే సెలవులకు హైదరాబాద్ ప్రయాణం ఉండదని ముందే ఇంట్లో అందరికీ చెప్పాలి. ఇండియా టికెట్లు కొన్నాక ఈ విషయం బయటపడిన ఇళ్లలో ఆ సంభాషణ ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది వీలుకాకపోతే మూడేళ్లు తీసుకోవడమే మంచిది. మూడేళ్లు పట్టిందని యూసీ ఎవరినీ తక్కువ చూడదు. తొందరలో వచ్చిన సీ గ్రేడ్లను మాత్రం చూస్తుంది.

మన పిల్లల్లో చాలామంది హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి పరీక్ష) కాలిక్యులస్ రాసి ఉంటారు. స్కోరు 3 లేదా పైన ఉంటే యూసీ యూనిట్లు ఇస్తుంది కానీ, మేజర్‌కు అది ఏ కోర్సుకు బదులుగా చెల్లుతుందన్నది క్యాంపస్‌ను బట్టి ఉంటుంది. ముందు ఆ పట్టిక చూసి, తర్వాతే కోర్సు వదిలేయాలా లేదా అన్నది నిర్ణయించండి.

ఐదో అడుగు: గ్రేడ్ల లెక్క

నవంబరులో దరఖాస్తు వెళ్లేనాటికి చేతిలో ఉండేవి మొదటి ఏడాది గ్రేడ్లు, వేసవివి. అంటే సుమారు 30 యూనిట్లు. ఏకు 4, సీకి 2 పాయింట్ల లెక్కన, అందులో 25 యూనిట్లకు ఏ వచ్చి, ఒక్క ఐదు యూనిట్ల కోర్సులో సీ వస్తే జీపీఏ 3.67. తర్వాత ఎన్ని ఏలు వచ్చినా అది నెమ్మదిగానే పైకి లేస్తుంది. సీ వచ్చిన కోర్సును మళ్లీ చదివి జీపీఏ పెంచుకునే వీలూ లేదు. డీ లేదా ఎఫ్ వస్తేనే మళ్లీ చదివినది లెక్కలోకి వస్తుంది. అందుకే మొదటి సెమిస్టరులో పదిహేడు పద్దెనిమిది యూనిట్లు పెట్టుకుని ప్రతాపం చూపించనివ్వకండి. 13 నుంచి 15 చాలు.

కోర్సు చేయి జారుతోందనిపిస్తే గడువులోగా విరమించుకోవడం తప్పు కాదు. జాబితాలో ఒక డబ్ల్యూ కనిపిస్తే ఎవరూ పట్టించుకోరు. నాలుగు కనిపిస్తే పట్టించుకుంటారు. మేజర్ కోర్సులను పాస్, నో పాస్ పద్ధతిలో ఎప్పుడూ తీసుకోవద్దు.

ఆరో అడుగు: మనుషులు

కమ్యూనిటీ కాలేజీ కౌన్సెలరు వందలమందికి ఒక్కరు. అరగంట అపాయింట్‌మెంటు దొరకడానికే కొన్ని వారాలు పట్టవచ్చు. ఖాళీ చేతులతో వెళ్లి “నేనేం చదవాలి?” అని అడిగితే అందరికీ ఇచ్చే సమాధానమే దొరుకుతుంది. మనం గీసిన గడుల కాగితంతో వెళ్లి “ఈ మూడింటిలో దేన్ని వేసవికి నెట్టవచ్చు?” అని అడిగితే అదే మనిషి వేరే మనిషిలా సాయపడతారు. వారితో కలిసి విద్యా ప్రణాళిక నమోదు చేయించాలి. దాన్ని పూర్తిచేసిన కొత్తవారికి కోర్సుల నమోదులో ముందు వరుస దొరుకుతుంది. ఫిజిక్స్ ప్రయోగశాల సీట్లు నిండిపోయే రోజున ఆ వరుస విలువ తెలుస్తుంది.

ఆనర్స్ కార్యక్రమం (మరింత లోతైన కోర్సులు) ఉందేమో అడగండి. యూసీఎల్‌ఏతో ట్యాప్ అనే ఒప్పందం ఉన్న కాలేజీల్లో ఆనర్స్ పూర్తిచేసినవారి దరఖాస్తును అక్కడి సాహిత్య, శాస్త్ర విభాగం ప్రాధాన్యంతో చూస్తుంది.

ఇక ప్రొఫెసర్లు. వారి ఆఫీస్ అవర్స్‌కు (విద్యార్థులను విడిగా కలిసే వేళలకు) వెళ్లడమంటే డౌట్లు ఉన్నాయని ఒప్పుకోవడమని మన పిల్లలు అనుకుంటారు. మొహమాటం మనకు ఉగ్గుపాలతో వచ్చింది. నెలకు రెండుసార్లయినా వెళ్లి పాఠంలో నచ్చినదాని గురించి మాట్లాడమనండి. ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు సిఫారసు లేఖలు రాయవలసింది వీరే. చాలామంది తాత్కాలిక అధ్యాపకులు. వచ్చే ఏడాది వేరే ఊళ్లో పాఠం చెబుతూ ఉండవచ్చు, కాలేజీ ఈమెయిల్ పనిచేయకపోవచ్చు. సెమిస్టరు ముగిసేలోపే వేరే చిరునామా అడిగి ఉంచుకోవాలి.

ఏడో అడుగు: సెప్టెంబరులో ట్యాగ్

డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. ఈ ఆరు క్యాంపస్‌లు షరతులు పూర్తిచేసిన విద్యార్థికి సీటు హామీ ఇస్తాయి. దాని పేరే ట్యాగ్. బర్కిలీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియేగో ఇందులో లేవు. సెప్టెంబరు 1 నుంచి 30 వరకు, ఒకే ఒక్క క్యాంపస్‌కు పెట్టుకోవాలి. అప్పటికి 30 సెమిస్టర్ యూనిట్లు పూర్తయి ఉండాలి. జీపీఏ షరతు క్యాంపస్‌ను బట్టి మారుతుంది. అర్వైన్, శాంటా బార్బరాలు 3.4 అడుగుతాయి. గిరాకీ ఎక్కువున్న కొన్ని మేజర్లకు ఈ హామీ వర్తించదు. ఆ జాబితా ఏటా మారుతుంది కాబట్టి పోయినేడాది చేరిన బంధువు మాట నమ్మకుండా ఈ ఏటి పట్టికే చూడండి.

ట్యాగ్ పెట్టినంత మాత్రాన మిగిలిన క్యాంపస్‌లకు దరఖాస్తు ఆగదు. అర్హత ఉండి కూడా “మాకు బర్కిలీయే కావాలి” అని దీన్ని వదిలేసే కుటుంబాలతో నేను వాదనకు దిగుతాను. ఖర్చులేని హామీని కాదనడానికి కారణమేమిటో ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఎనిమిదో అడుగు: దరఖాస్తు, నాలుగు సమాధానాలు

యూసీ దరఖాస్తును అక్టోబరు, నవంబరు నెలల్లో పంపాలి. గ్రేడ్లను విద్యార్థే నింపాలి, ట్రాన్స్‌క్రిప్టులతో (కాలేజీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రాలతో) సరిచూసేది తర్వాత. ఇక్కడే పెద్ద ప్రమాదం. హైస్కూల్లో ఉండగా వేరే కాలేజీలో తీసుకున్న ఒక్క కోర్సు, మధ్యలో విరమించిన కోర్సు, ఎఫ్ వచ్చిన కోర్సు అన్నీ చూపించాలి. దాచినది తర్వాత బయటపడితే ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోగలరు. పిల్లలను నింపనిచ్చి, ట్రాన్స్‌క్రిప్టు మీరు పైకి చదువుతూ ఒక్కొక్క గడి సరిచూడండి.

వ్యాసాలు అంటున్నాం గానీ అవి ప్రశ్నలకు సమాధానాలు. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు ఒక ప్రశ్న తప్పనిసరి: ఎంచుకున్న మేజర్‌కు ఎలా సిద్ధమయ్యారు? మిగిలిన ఏడింటిలో మూడు ఎంచుకోవాలి. ఒక్కొక్కటి 350 పదాలకు మించకూడదు.

నాకు వచ్చే చిత్తుప్రతుల్లో సగం అమెరికా వచ్చిన నాన్న కష్టంతోనో, గుంటూరు దగ్గర తాతగారి మిరప చేనుతోనో మొదలవుతాయి. తాతగారి మీద నాకూ గౌరవమే. కానీ సీటు అడుగుతున్నది ఆయన కాదు. వారాంతాల్లో ఇండియన్ కిరాణా దుకాణంలో కూర్చుని ఏ వారం ఎంత కరివేపాకు పారేయాల్సి వస్తోందో లెక్క రాసి, స్టాటిస్టిక్స్ తరగతిలో నేర్చుకున్నదాన్ని ఆ లెక్క మీద ప్రయోగించానని రాసే అమ్మాయి ఆ ప్రశ్నకు సమాధానం చెబుతున్నట్టు. భాష దిద్దకండి, ముఖ్యంగా మీరు రాసిపెట్టకండి. “ఇది చేసింది నువ్వేనా? తర్వాత ఏమైంది?” అని అడుగుతూ ఉండండి, చాలు.

జనవరిలో మరో పని ఉంటుంది. ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ కోర్సులను నెలాఖరులోగా అప్‌డేట్ చేయాలి. దరఖాస్తు పంపేశామని ఈమెయిల్ చూడటం మానేసిన పిల్లలు దీన్ని మరిచిపోతారు. ఇంట్లో క్యాలెండర్ మీద మీరే ఎర్ర సిరాతో రాయండి.

ప్రైవేటు విశ్వవిద్యాలయాలు

ఇక్కడ లెక్క వేరు. యూఎస్‌సీ (లాస్ ఏంజెలిస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) ఏటా పెద్ద సంఖ్యలో ట్రాన్స్‌ఫర్లను తీసుకుంటుంది. కార్నెల్ కూడా బాగానే తీసుకుంటుంది. స్టాన్‌ఫర్డ్ తీసుకునేది చాలా కొద్దిమందిని. 1990లో ట్రాన్స్‌ఫర్లు ఆపేసిన ప్రిన్స్‌టన్ 2018లో మళ్లీ తలుపు తెరిచింది, కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులు రావాలని కోరుకుంటోంది. ఆమ్‌హెర్స్ట్‌కూ ఆ ఆసక్తి ఉంది.

చాలాచోట్ల గడువు ఫిబ్రవరి, మార్చి నెలల్లో. సిఫారసు లేఖలు, తరచుగా హైస్కూలు మార్కులు, ఎందుకు మారాలనుకుంటున్నారో చెప్పే వ్యాసం అడుగుతారు. ఆ వ్యాసంలో ఉన్న కాలేజీని తక్కువ చేసి రాయవద్దు. ప్రకటించిన ఫీజు చూసి భయపడనూ వద్దు. అవసరమున్న కుటుంబాలకు పూర్తి సాయం చేసే కొన్ని విశ్వవిద్యాలయాల్లో చివరకు యూసీకన్నా తక్కువ కట్టవలసి రావచ్చు. జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ కమ్యూనిటీ కాలేజీ నుంచి మారేవారికి ఏటా 55 వేల డాలర్ల వరకు ఇస్తుంది. పోటీ తీవ్రమే, అయినా మంచి జీపీఏ, ఆర్థిక అవసరం ఉన్నవారు ప్రయత్నించి తీరాలి.

వీసా ఉన్న ఇళ్లలో

తల్లిదండ్రుల హెచ్‌1బీ మీద హెచ్‌4తో ఉన్న పిల్లలు ఏడాదికి పైగా కాలిఫోర్నియాలో స్థిరపడి ఉంటే నివాసుల ఫీజు పొందవచ్చు. ఫెడరల్ సాయానికి మాత్రం అర్హత లేదు, ఉద్యోగం చేయడానికీ వీల్లేదు. అసలు చిక్కు 21 ఏళ్లు నిండినప్పుడు. పద్దెనిమిదేళ్లకు కాలేజీలో చేరితే ట్రాన్స్‌ఫర్ అయ్యే కాలంలోనో, అయిన కొద్ది నెలలకో ఆ పుట్టినరోజు వస్తుంది. అప్పటికి గ్రీన్‌కార్డు రాకపోతే విద్యార్థి వీసా అయిన ఎఫ్‌1కు మారాలి. దానితో ఫీజు స్థితి మారితే యూసీలో ఏటా 30 వేల డాలర్లకు పైగా అదనం పడవచ్చు. పుట్టినరోజుకు కనీసం ఏడాది ముందే ఇమిగ్రేషన్ న్యాయవాదితో, క్యాంపస్ నివాస నిర్ధారణ కార్యాలయంతో మాట్లాడండి.

విజయవాడ నుంచో వరంగల్ నుంచో నేరుగా ఎఫ్‌1 మీద కమ్యూనిటీ కాలేజీకి వచ్చినవారికి ట్యాగ్ వర్తిస్తుంది, కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు ఇచ్చే ప్రాధాన్యమూ ఉంటుంది. ఫీజు మాత్రం బయటివారిదే. సెమిస్టరుకు 12 యూనిట్లు తగ్గకూడదు, అందులో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కకు వస్తుంది. కష్టమైన కోర్సును విరమించుకోవాలనుకుంటే ముందు అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి వెళ్లాలి.

సీటు వచ్చాక

ఏప్రిల్ నెలాఖరుకు యూసీ సమాధానాలు దాదాపు అన్నీ వచ్చేస్తాయి. చేరుతున్నామని జూన్ 1లోగా చెప్పాలి. మిఠాయిలు పంచండి, కానీ స్ప్రింగ్ పరీక్షలు ఇంకా మిగిలే ఉన్నాయి. మేజర్‌కు తప్పనిసరైన కోర్సులో డీ వచ్చినా, చెప్పిన కోర్సును చెప్పకుండా వదిలేసినా సీటు రద్దు కావచ్చు. ఏదైనా మార్పు తప్పకపోతే క్యాంపస్‌కు వెంటనే రాసి తెలియజేయాలి.

హాస్టల్ గది దరఖాస్తుకు వేరే గడువు ఉంటుంది, అది త్వరగా ముగుస్తుంది. చివరి ట్రాన్స్‌క్రిప్టు చదివిన ప్రతి కాలేజీ నుంచీ వెళ్లాలి. పదకొండో తరగతి వేసవిలో ఒక్క కోర్సు చదివిన ఆ మూడో కాలేజీ నుంచి కూడా. క్యాల్‌గెట్సీ పూర్తిచేసినట్టు ధ్రువీకరణ దానంతటది వెళ్లదు. కమ్యూనిటీ కాలేజీ రికార్డుల కిటికీ దగ్గర అడిగి పంపించుకోవాలి.